ట్రేడ్ వార్త వస్తే ముందు కాంట్రాక్ట్ చదవండి

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఓ పెద్ద ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) జరిగిందంటే చాలు, వాదన గోల్స్ దగ్గరే మొదలవుతుంది. ఇతనివి ఎన్ని, అతనివి ఎన్ని, ఎవరు ఎవర్ని బోల్తా కొట్టించారు. జీతాలకు పరిమితి లేని రోజుల్లో ఆ లెక్క చాలావరకు సరిపోయేది. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ జట్టు వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చినప్పుడు జిమ్మీ కార్సన్, మార్టిన్ జెలినా, మూడు మొదటి రౌండ్ పిక్‌లతో (కొత్త కుర్రాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) పాటు 15 మిలియన్ డాలర్ల నగదు కూడా చేతులు మారింది. ఇప్పుడు ట్రేడ్‌లో నగదు ఇవ్వడానికి నిబంధనలే ఒప్పుకోవు.

2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌కు బలైపోయాక, 2005-06లో ఒక్కో జట్టుకు 39 మిలియన్ డాలర్ల జీత పరిమితి (క్యాప్) పెట్టారు. అది 2025-26 నాటికి 95.5 మిలియన్లకు చేరింది, 2026-27కు 104 మిలియన్లుగా ప్రకటించారు. ఈ పరిమితి గట్టిది. బేస్‌బాల్‌లోలా అదనపు పన్ను కట్టి దాటిపోయే దారి ఇక్కడ లేదు. అందుకే ఏ ట్రేడ్‌లోనైనా ఆటగాడితో పాటు అతని కాంట్రాక్ట్ కూడా ప్రయాణం చేస్తుంది, చాలాసార్లు ఆ కాగితమే ఆటగాడికన్నా బరువైనది. అది చదవకుండా ఎవరు గెలిచారో తేల్చేయడం తొందరపాటు అని నా గట్టి అభిప్రాయం.

ముందుగా చూడాల్సింది క్యాప్ హిట్. కాంట్రాక్ట్ మొత్తం విలువను సంవత్సరాలతో భాగిస్తే వచ్చేదే అది. ఆటగాడికి ఆ ఏడాది నిజంగా చేతికొచ్చే జీతం వేరే కావచ్చు. మొదటి ఏళ్లలో ఎక్కువ, చివర్లో తక్కువ ఇచ్చే కాంట్రాక్టులు చాలా ఉన్నాయి. యజమాని జేబుకు చిల్లుపెట్టేది అసలు జీతం, జనరల్ మేనేజర్ చేతులు కట్టేసేది క్యాప్ హిట్. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఒక కాంట్రాక్ట్ ఎవరికి భారమో, ఎవరికి బేరమో తెలుస్తుంది. అసలు జీతం తక్కువ మిగిలి క్యాప్ హిట్ ఎక్కువగా ఉన్న ఆటగాడు, క్యాప్‌లో ఖాళీ ఉండి డబ్బుకు వెనకాడే జట్టుకు పనికొస్తాడు. తిరగేసి ఉన్నవాడు డబ్బున్న జట్టుకు సరిపోతాడు.

ఇవన్నీ ఒకే కథలో చూడాలంటే మిక్కో రంటానెన్ ట్రేడ్‌లను మించిన ఉదాహరణ ఈ మధ్య కాలంలో లేదు. కొలరాడోలో అతని క్యాప్ హిట్ 9.25 మిలియన్లు, ఆ కాంట్రాక్ట్ 2025 వేసవిలో ముగియాల్సి ఉంది. 2025 జనవరి 24న మూడు జట్లు కలిసి ఒప్పందం కుదుర్చుకున్నాయి. రంటానెన్ కరోలినాకు వెళ్లాడు. మార్టిన్ నెచాస్, జాక్ డ్రూరీ, రెండు డ్రాఫ్ట్ పిక్‌లు కొలరాడోకు వచ్చాయి. షికాగో మధ్యలో నిలబడి రంటానెన్ జీతంలో సగం తన లెక్కలో వేసుకుంది. షికాగో నుంచి టేలర్ హాల్ కూడా కరోలినాకు వెళ్లాడు. దాంతో కరోలినా పుస్తకాల్లో రంటానెన్ పడ్డది 4.625 మిలియన్లకే. నెచాస్ క్యాప్ హిట్ 6.5 మిలియన్లు. అంటే లీగ్‌లోనే ముందువరసలో ఉండే వింగర్ వచ్చాడు, అతని స్థానంలో వెళ్లినవాడికన్నా చవగ్గా వచ్చాడు. ఆ రోజు కరోలినా అభిమానులు పండగ చేసుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ కాంట్రాక్ట్‌లో మిగిలింది కొన్ని నెలలే. రంటానెన్ అక్కడ ఆడినవి 13 మ్యాచ్‌లు, చేసినవి 2 గోల్స్. కొత్త కాంట్రాక్ట్ కుదరలేదు. మార్చి 7న, ట్రేడ్ గడువు రోజున, కరోలినా అతన్ని డాలస్‌కు ఇచ్చేసింది. బదులుగా లోగన్ స్టాంకోవెన్, షరతులతో కూడిన రెండు మొదటి రౌండ్ పిక్‌లు, రెండు మూడో రౌండ్ పిక్‌లు వచ్చాయి. డాలస్ అతనితో వెంటనే 8 ఏళ్లకు 96 మిలియన్ల ఒప్పందం రాయించుకుంది.

ఆ 8 అనే అంకె దగ్గర ఆగాలి. 2013 నుంచి ఉన్న నిబంధన ప్రకారం సొంత ఆటగాడితో గరిష్ఠంగా 8 ఏళ్లు, బయటి జట్టు నుంచి స్వేచ్ఛగా వచ్చేవాడితో 7 ఏళ్లు రాసుకోవచ్చు. ఆ ఎనిమిదో ఏడాది ఇవ్వాలంటే ట్రేడ్ గడువు నాటికి ఆటగాడు ఆ జట్టు జాబితాలో ఉండి తీరాలి. వేసవి వరకు ఆగి రంటానెన్‌ను పిలిచి ఉంటే డాలస్ 7 ఏళ్లే ఇవ్వగలిగేది. పైగా టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాబట్టి ఏటా 12 మిలియన్లు అన్న మాట అక్కడ ఇంకాస్త ఎక్కువ పలుకుతుంది. గడువుకు ముందే పిక్‌లు, కుర్రాడు ఇచ్చి కొన్నది ఆ ఎనిమిదో ఏడాదిని, వేసవిలో ఇంకో ఇరవై జట్లతో పోటీ పడనవసరం లేకపోవడాన్ని.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం ఆడే పోటీలు) మొదటి రౌండ్‌లో డాలస్‌కు ఎదురైంది కొలరాడోనే. మే 3న ఏడో మ్యాచ్, మూడో పీరియడ్‌లో 0-2తో వెనకబడి ఉన్నప్పుడు రంటానెన్ ఆ పీరియడ్‌లోనే హ్యాట్రిక్ కొట్టి పాత జట్టును ఇంటికి పంపించాడు. ఆ రాత్రి చూసి కొలరాడో మోసపోయిందనేవాళ్లు నెచాస్ కాంట్రాక్ట్ కూడా చూడాలి. అదే సంవత్సరం అక్టోబరులో కొలరాడో అతనితో 8 ఏళ్లకు, ఏటా 11.5 మిలియన్లకు ఒప్పందం చేసుకుంది. రంటానెన్‌కన్నా అర మిలియన్ మాత్రమే తక్కువ. కొలరాడో జీతం ఆదా చేయడానికి రంటానెన్‌ను వదులుకుందన్న వాదన ఆ సంతకంతో బాగా పలచబడింది. నా దృష్టిలో కొలరాడో నిర్ణయాన్ని విమర్శించాల్సింది అక్కడే, ఏడో మ్యాచ్ దగ్గర కాదు. కరోలినా విషయానికొస్తే, స్టాంకోవెన్ అక్కడ ఏటా 6 మిలియన్ల మీద 8 ఏళ్లకు సంతకం పెట్టాడు. చేతులు కాలకముందే ఆకులు పట్టుకున్న జట్టు అది.

ఇక షికాగో చేసిన పని గురించి. ఆటగాణ్ణి ఇచ్చేటప్పుడు జట్టు అతని జీతంలో గరిష్ఠంగా 50 శాతం తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఒక జట్టు ఏకకాలంలో మూడు కాంట్రాక్టులకు మించి ఇలా మోయకూడదు. ఒకే కాంట్రాక్ట్‌ను రెండు జట్లు వరసగా మోయవచ్చు. మొదటిది సగం, మిగిలిన దాంట్లో రెండోది సగం మోస్తే కొనే జట్టుకు పడేది పావు వంతే. ట్రేడ్ గడువు వారంలో మూడు జట్ల ఒప్పందాలు పుట్టుకొచ్చేది ఇందుకే. మధ్య జట్టుకు కూలి కింద ఒక పిక్ ముడుతుంది. 2025-26 నుంచి ఈ రెండు విడతల మధ్య కనీసం 75 రోజులు గడవాలని నిబంధన తెచ్చారు. అంటే ఒకే మధ్యాహ్నంలో పావు ధరకు తెచ్చుకునే ఏర్పాటు ఇక కుదరదు. ముందుచూపు ఉన్న జట్టు డిసెంబరులోనే మొదటి విడత కానివ్వాలి.

క్యాప్ లెక్క రోజువారీ నడుస్తుందన్న సంగతి కూడా మర్చిపోకూడదు. ఆటగాడి క్యాప్ హిట్‌ను సీజన్ రోజులతో భాగించి, అతను జాబితాలో ఉన్న రోజులకే కడతారు. మొదటి రోజు నుంచీ ఒక మిలియన్ ఖాళీగా ఉంచుకుంటూ వచ్చిన జట్టు దగ్గర ట్రేడ్ గడువు రోజున నాలుగు మిలియన్లకు పైగా క్యాప్ హిట్ ఉన్న ఆటగాణ్ణి పట్టేంత చోటు ఉంటుంది, ఎందుకంటే అప్పటికి సీజన్‌లో మిగిలేది నాలుగో వంతుకన్నా తక్కువ. మా జట్టుకు ఖాళీ ఎక్కడిది అని అక్టోబరులో నిట్టూర్చేవాళ్లు ఈ గుణకారం ఒకసారి చేసి చూడాలి. ఒక్క మెలిక ఉంది. దీర్ఘకాల గాయాల జాబితా వాడుకుని పరిమితి దాటి నడుస్తున్న జట్టుకు ఇలా రోజూ పోగవ్వడం ఉండదు.

ఆ గాయాల జాబితా గురించి 2021లో జరిగిన గొడవ చాలు. నికితా కుచెరోవ్ ఆ జాబితాలో ఉండి టంపా బే తరఫున రెగ్యులర్ సీజన్ మొత్తం ఆడలేదు. ప్లేఆఫ్స్‌లో తిరిగొచ్చి 32 పాయింట్లతో అందరికన్నా ముందు నిలిచాడు, జట్టు కప్పు గెలిచింది. ప్లేఆఫ్స్‌లో క్యాప్ లెక్క అప్పట్లో లేదు కాబట్టి ఆ జట్టు సుమారు 18 మిలియన్లు దాటి ఆడినా నిబంధన తప్పలేదు. 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌లో కూడా ఆ రోజు బరిలో దిగే 20 మంది లెక్క పరిమితిలో ఉండాలి. ఈ మార్పు పదేళ్ల ముందే రావాల్సింది.

క్యాప్ హిట్ తర్వాత చదవాల్సింది ఆటగాడికున్న రక్షణ. ఇక్కడే అభిమానులు ఎక్కువ పొరపడతారు. నో-ట్రేడ్ అంటే తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదు, అంతే. దాన్లో పాక్షిక రకం ఇంకా ఎక్కువ కనిపిస్తుంది: ఆటగాడు ఏటా పది, పదిహేను జట్ల జాబితా ఇస్తాడు, ఆ జట్లకు మాత్రం పంపకూడదు. నో-మూవ్ వేరు. అది ఉంటే ట్రేడ్‌తో పాటు వేవర్స్ మీద పెట్టడం (కావాలన్న జట్టు తీసుకోవచ్చని వదిలేయడం), చిన్న లీగ్‌కు పంపడం కూడా కుదరదు. నో-ట్రేడ్ ఉన్నవాడిని వేవర్స్ మీద పెట్టడానికి అడ్డేమీ లేదు. 24 గంటల్లో ఎవరైనా అతన్ని తీసుకోవచ్చు, ముందు అవకాశం పట్టికలో అడుగున ఉన్న జట్టుది.

న్యూయార్క్ రేంజర్స్ 2024లో ఈ తేడాను రెండుసార్లు వాడుకుంది. బార్క్లే గుడ్రో దగ్గర పదిహేను జట్ల జాబితా ఉంది. జూన్‌లో రేంజర్స్ అతన్ని వేవర్స్ మీద పెట్టింది. ఆ సీజన్ అట్టడుగున ముగించిన శాన్ హోజే అతన్ని తీసుకుంది. జాబితా ఎందుకూ పనికిరాలేదు. తర్వాత వంతు కెప్టెన్ జేకబ్ ట్రూబాది. అతని క్యాప్ హిట్ 8 మిలియన్లు, అతనికీ జాబితా ఉంది. గుడ్రోకు జరిగింది అందరి కళ్ల ముందూ ఉంది. వేవర్స్ మాట బయటికి వచ్చాక డిసెంబరు 6న ట్రూబా అనాహైమ్‌కు ఒప్పుకున్నాడు. రేంజర్స్‌కు వచ్చినవి ఒక డిఫెన్స్‌మన్, ఒక నాలుగో రౌండ్ పిక్. గోల్స్ లెక్కేసేవాళ్లకు అది నష్టం. కాంట్రాక్ట్ చదివినవాళ్లకు మాత్రం ఒక్క డాలరు కూడా మోయకుండా 8 మిలియన్ల చోటు ఖాళీ చేసుకోవడం కనిపిస్తుంది. ఎవరూ తీసుకోకపోయి అతన్ని చిన్న లీగ్‌కు పంపాల్సి వచ్చి ఉంటే క్యాప్‌లో తగ్గేది ఆ ఏటి కనీస జీతానికి 3.75 లక్షలు కలిపినంత, అంటే 1.15 మిలియన్లే. మిగిలిన 6.85 మిలియన్లు రేంజర్స్ నెత్తి మీదే ఉండేవి. అంటే ఆ బెదిరింపు ట్రూబాకే కాదు, రేంజర్స్‌కూ ప్రమాదమే. అయినా కెప్టెన్ అన్న గౌరవం ఉన్నవాణ్ణి అలా మూలకు నెట్టడం డ్రెస్సింగ్ రూమ్‌లో మిగతావాళ్లకు ఏం చెబుతుందో ఆ యాజమాన్యం ముందు ఆలోచించాల్సింది. ఆ సీజన్ మిగిలిన భాగమంతా రేంజర్స్ కెప్టెన్ లేకుండానే ఆడింది.

రక్షణ గట్టిగా ఉంటే కథ తలకిందులు. 2008 ఫిబ్రవరిలో టొరంటో కెప్టెన్ మాట్స్ సుండిన్ తన నో-ట్రేడ్‌ను వదులుకోనన్నాడు. కాంట్రాక్ట్ ముగిసింది, అతను వెళ్లిపోయాడు, టొరంటోకు ఏమీ దక్కలేదు. అతని మీద అప్పుడు కోపం తెచ్చుకున్నవాళ్లున్నారు. సంతకం చేసి ఇచ్చిన హక్కును వాడుకున్నాడు, తప్పు అతనిది కాదు.

ఇప్పుడు బైఔట్. కాంట్రాక్ట్‌ను మధ్యలో తెంపాలంటే మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు ఏళ్లలో కట్టాలి. ఆటగాడికి 26 ఏళ్లు నిండకపోతే మూడో వంతు చాలు. వినడానికి తేలిగ్గా ఉంటుంది, క్యాప్ మీద పడే దెబ్బ మాత్రం మొదట కనిపించదు. మినెసోటా వైల్డ్ 2012లో జాక్ పరీజే, రయన్ సూటర్‌లతో చెరో 13 ఏళ్లకు 98 మిలియన్లు రాసుకుంది. క్యాప్ హిట్ 7.538 మిలియన్లు. 2021 జులైలో ఇద్దర్నీ ఒకే రోజు బైఔట్ చేసింది. అప్పటికి ఒక్కొక్కరికి నాలుగేళ్లు, 10 మిలియన్ల జీతం మిగిలి ఉంది: 6, 2, 1, 1. అందులో మూడింట రెండు వంతులు 6.67 మిలియన్లు, ఎనిమిదేళ్లకు పంచితే ఏటా 8.33 లక్షలు.

క్యాప్‌లో తగ్గేది ఆ ఏడాది జట్టు నిజంగా ఆదా చేసిన డబ్బు మాత్రమే. మొదటి ఏడాది జీతం 6 మిలియన్లు, కట్టింది 0.833, ఆదా 5.167. కాబట్టి 7.538లోంచి అది పోతే 2.371 మిలియన్లు. మూడో ఏడాది జీతం ఒక మిలియనే, ఆదా 0.167, కాబట్టి క్యాప్ మీద 7.371 అలాగే ఉండిపోతుంది. ఇద్దరివీ కలిపి 2021-22లో 4.74 మిలియన్లు, మరుసటి ఏడాది 12.74, ఆపై రెండేళ్లు 14.74 చొప్పున. ఆడని ఇద్దరి కోసం. 83.5 మిలియన్ల పరిమితి ఉన్న 2023-24లో మినెసోటా ఇతర జట్లకన్నా దాదాపు ఆరో వంతు తక్కువతో ఆడింది. ముందు ఏళ్లలో జీతం గుప్పించి చివర తగ్గించే కాంట్రాక్ట్‌ను బైఔట్ చేస్తే పడే శిక్ష ఇదే. సంతకపు బోనస్ రూపంలో డబ్బు ఇచ్చే కాంట్రాక్టులైతే అసలు బైఔట్‌కే లొంగవు, ఎందుకంటే మూడింట రెండు వంతుల తగ్గింపు జీతానికే కానీ బోనస్‌కు లేదు. ఆటగాళ్ల ఏజెంట్లు బోనస్‌ల కోసం పట్టుబట్టేది అందుకే.

కెప్టెన్సీ గురించి మాట్లాడేటప్పుడు కూడా నేను కాంట్రాక్టే చూస్తాను. నిబంధనల పుస్తకంలో కెప్టెన్ పని చిన్నది. జెర్సీ మీద సి ఉన్నవాడొక్కడు, ఏ ఉన్న ఉప కెప్టెన్లు ఇద్దరు, రిఫరీతో నిబంధనల గురించి మాట్లాడే హక్కు వాళ్లది. గోలీకి మంచు మీద ఆ హక్కు ఇవ్వరు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు ఏం మాట్లాడారో బయటివాళ్లకు తెలియదు, ఊహించి రాసే కథలతో నాకు పని లేదు. కానీ జీతం కళ్ల ముందు కనిపించే అంకె. కెప్టెన్ తీసుకునే మొత్తం చాలా జట్లలో మిగతావాళ్లకు పైకప్పు అవుతుంది.

పిట్స్‌బర్గ్ కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ క్యాప్ హిట్ 8.7 మిలియన్లు. 2013-14లో 64.3 మిలియన్ల పరిమితిలో అది 13.5 శాతం. 2024లో రెండేళ్ల పొడిగింపు కూడా అదే 8.7కు రాశాడు, 2025-26లో అది 9.1 శాతం. ఎడ్మంటన్ కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్ 2025 అక్టోబరులో రెండేళ్లకు ఏటా 12.5 మిలియన్లకే సంతకం పెట్టాడు, తన పాత అంకెకే. 104 మిలియన్లలో అది 12 శాతం. ఒక్క ఆటగాడికి పరిమితిలో 20 శాతం దాకా ఇవ్వొచ్చని నిబంధన ఉన్నప్పుడు ఇది జట్టుకు ఏటా ఇంకో మంచి డిఫెన్స్‌మన్‌ను ఇచ్చినట్టే. ఫ్లోరిడాలో కెప్టెన్ అలెక్సాందర్ బార్కోవ్ 10 మిలియన్ల దగ్గర ఆగాడు. మాథ్యూ కచక్ 9.5, సామ్ రైన్‌హార్ట్ 8.625, సామ్ బెనెట్ 8 దగ్గర కుదిరారు. 2024, 2025 కప్పులు గెలిచిన బృందం చెదరకుండా ఉండటానికి ఈ మెట్ల వరసే కారణమని నేను నమ్ముతాను. వేరే కాలంలో సంతకం చేసిన ఇద్దర్ని పోల్చేటప్పుడు మిలియన్లు పక్కన పెట్టి ఈ శాతాలే పోల్చాలి.

అదే ఫ్లోరిడా 2025 మార్చి 7న బాస్టన్ కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్‌ను తీసుకుంది. బాస్టన్ సగం జీతం మోసింది, బదులుగా ఒక రెండో రౌండ్ పిక్. ఆ పిక్‌కు షరతు ఉంది: ఫ్లోరిడా రెండు రౌండ్లు గెలిచి, మార్షాండ్ కనీసం సగం మ్యాచ్‌లు ఆడితే అది మొదటి రౌండ్ పిక్ అవుతుంది. అయింది కూడా. పిక్‌ల షరతులు చదవకుండా ఆ రోజే బాస్టన్‌ను తిట్టినవాళ్లు అసలు ధర తెలుసుకోకుండానే తిట్టారు.

మినెసోటా దగ్గరికే మళ్లీ వస్తే, ఆ ఇద్దరి బరువు 2025-26లో 1.67 మిలియన్లకు దిగిపోయింది. వెంటనే కిరిల్ కప్రీజోవ్‌కు 8 ఏళ్లకు 136 మిలియన్లు రాశారు, ఏటా 17 మిలియన్లు, 104లో 16 శాతం పైచిలుకు. 2025 డిసెంబరు 12న వాంకూవర్ కెప్టెన్ క్విన్ హ్యూస్‌ను తెచ్చుకున్నారు. మార్కో రోసీ, జీవ్ బుయుమ్, లియామ్ ఓగ్రెన్, 2026 మొదటి రౌండ్ పిక్ ఇచ్చారు. హ్యూస్ క్యాప్ హిట్ 7.85 మిలియన్లు, 2026-27 చివరి దాకా. వాంకూవర్ ఇంకో ఏడాది ఆగి ఉంటే ఇంత రాబట్టేది కాదు, ఎందుకంటే కొనేవాడికి రెండు ప్లేఆఫ్స్ దొరకడం వేరు, ఒకటి దొరకడం వేరు.

ఈ ట్రేడ్ ఎవరిదో చెప్పే తేదీలు ఇంకో రెండున్నాయి. 2026 జులై 1 నుంచి హ్యూస్ మినెసోటాతో పొడిగింపు మీద సంతకం చేయవచ్చు. సెప్టెంబరు 16 నుంచి లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఉమ్మడి ఒప్పందం అమల్లోకి వస్తుంది, అప్పటినుంచి సొంత ఆటగాడికి గరిష్ఠం 7 ఏళ్లు, బయటివాడికి 6. ఎనిమిదేళ్లు ఇవ్వగలిగేది ఆ మధ్య పదకొండు వారాల్లోనే, ఇవ్వగలిగే జట్టు మినెసోటా ఒక్కటే.